‘నలుగురు నిలబడితే చాలు’ అన్నారు: బెజవాడ కుర్రాళ్లు బ్యాచ్‌ల్లోకి ఎలా వెళ్తున్నారు, ఎక్కడ ఆపొచ్చు

విజయవాడలో ‘గ్యాంగ్’ అనే మాట పేపర్లలోనే కనిపిస్తుంది. వీధిలో మాత్రం ‘బ్యాచ్’ అంటారు. ‘వాడు ఏ బ్యాచ్?’ అని అడుగుతారు. ఆ మాటలో భయం పెద్దగా వినపడదు. కాలేజీ బ్యాచ్, క్రికెట్ బ్యాచ్ లాగే అదీ ఒక బ్యాచ్ అనిపిస్తుంది. సమస్య అక్కడే మొదలవుతుంది. కొడుకు రౌడీ గ్యాంగులో చేరాడని ఏ తల్లికీ మొదటి రోజే తెలియదు. ఫ్రెండ్స్‌తో తిరుగుతున్నాడనే అనుకుంటుంది.

2025 జులైలో గవర్నర్‌పేటలో ఇద్దరు యువకులు కత్తిపోట్లకు బలయ్యారు.  నిందితుడి మీద అప్పటికే రౌడీషీట్ ఉందని పోలీసులు చెప్పారు. పగలూ రాత్రీ జనం తిరిగే పేట ఇది. ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు, థియేటర్లు, లాడ్జీలు, పోలీస్ స్టేషన్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఆ వారమంతా టీ కొట్ల దగ్గర ఇదే చర్చ. కఠినంగా ఉండాలి, కాళ్లు విరగ్గొట్టాలి, ఊరి నుంచి తరిమేయాలి అన్నారు. తర్వాత వారం అందరూ మర్చిపోయారు.

అరెస్టులు జరగాలి, శిక్షలు పడాలి. అందులో రెండో మాట లేదు. కానీ ఈ రోజు జైలుకు వెళ్లినవాడి స్థానంలోకి రేపు వచ్చే పదహారేళ్ల కుర్రాడి సంగతేంటి? వాణ్ని ఆపే పని ఎవరు చేస్తున్నారు? ఈ వ్యాసం దాని గురించే.

పాత కథ, కొత్త రూపం

ఈ ఊరికి ఇది కొత్త కాదు. 1970, 80 దశకాల్లో బెజవాడ కాలేజీల్లో విద్యార్థి సంఘాల పేరుతో రెండు వర్గాలు పెరిగాయి. ఒకటి వంగవీటి వర్గం, ఇంకోటి దేవినేని వర్గం. మొదట్లో రెండు కుటుంబాలూ ఒకే వైపు ఉన్నాయి, తర్వాత విడిపోయాయి. 1974లో వంగవీటి రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988 మార్చిలో దేవినేని మురళి హత్యకు గురయ్యారు. అదే ఏడాది డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగాను చంపేశారు. ఆ తర్వాత నగరంలో, కోస్తా జిల్లాల్లో జరిగిన అల్లర్లలో పదుల మంది చనిపోయారు. దుకాణాలు తగలబడ్డాయి. ఊరు కర్ఫ్యూలోకి వెళ్లింది. నేను అప్పటికి పుట్టలేదు. కానీ వన్‌టౌన్‌లో మా పెద్దవాళ్లు ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆ చరిత్రలో నాయకుల పేర్లు అందరికీ గుర్తున్నాయి. విగ్రహాలున్నాయి, సినిమాలు వచ్చాయి. విజయవాడలో ఇంజినీరింగ్ చదివిన రామ్ గోపాల్ వర్మ 1989లో ‘శివ’ తీస్తే సైకిల్ చైన్ రాష్ట్రమంతా ఫేమస్ అయింది. నాయకుల వెనకాల నడిచిన కుర్రాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్లు, కోర్టు వాయిదాల చుట్టూ ఇరవై ఏళ్లు తిరిగినవాళ్లు ఏ సినిమాలోనూ లేరు. ఇంకో విషయం కూడా గమనించాలి. కాలేజీ గొడవగా మొదలైంది చివరికి రెండు కులాల గొడవగా మారింది. బ్యాచ్‌కు మొదట కులం, మతం ఉండవు. గొడవ పెద్దదయ్యాక జనమే అంటగడతారు.

2020 మే 30న, లాక్‌డౌన్ రోజుల్లో, పటమటలో రెండు వర్గాల కుర్రాళ్లు పట్టపగలు కత్తులు, కర్రలతో తలపడ్డారు. ఒక వర్గానికి నాయకుడిగా ఉన్న యువకుడు మర్నాడు ఆస్పత్రిలో చనిపోయాడు. యనమలకుదురులోని ఒక అపార్ట్‌మెంట్ సెటిల్‌మెంట్ దగ్గర గొడవ మొదలైందని పోలీసుల దర్యాప్తులో తేలింది. ఆ అపార్ట్‌మెంట్‌లో వాటా ఉన్నది వేరేవాళ్లకు. ప్రాణం పోయింది, జైలుకు వెళ్లింది మాత్రం దాంతో సంబంధం లేని కుర్రాళ్లు.

ఎవరి లాభం, ఎవరి నష్టం?

నేను బీకాం చదివాను. ఏ విషయమైనా డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చూడటం అలవాటు. బ్యాచ్‌ను కూడా అలాగే చూస్తే కొంచెం క్లియర్‌గా కనపడుతుంది.

ఈ ఊళ్లో కుర్రాళ్ల గుంపుకు గిరాకీ ఉంది. స్థలం తగాదా ఉంటే కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది, పదిమంది వెళ్లి నిలబడితే రెండు రోజుల్లో తేలుతుంది. అప్పు వసూలు చేయాలన్నా అంతే. 2015 డిసెంబరులో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం గుర్తుందా? అడ్డూ అదుపూ లేని వడ్డీలు, ఇంటి మీదకు మనుషులు, ఆడవాళ్లపై వేధింపులు. రాష్ట్రం మొత్తం ఉలిక్కిపడింది. ఆ వడ్డీ వ్యాపారుల పేర్లు చర్చకు వచ్చాయి. వసూలుకు బైకుల మీద వెళ్లింది ఎవరన్న చర్చ తక్కువే జరిగింది. ఇక గంజాయి సంగతి చెప్పక్కర్లేదు. పెద్ద సరుకును చిన్న పొట్లాలుగా వీధికి చేర్చడానికి ఎవరికీ అనుమానం రాని చిన్నవాడు కావాలి. రైల్వే స్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల ‘బ్లేడ్ బ్యాచ్’ పేరుతో జనాన్ని భయపెట్టేవాళ్లలో మత్తుకు అలవాటుపడి దానికి డబ్బుల కోసం దిగినవాళ్లే ఎక్కువ.

అంటే లాభం పైవాడిది, రిస్కు కిందివాడిది. ఏ వ్యాపారంలోనైనా ఇలాంటి ఒప్పందం మీద తెలివున్నవాడు సంతకం పెట్టడు. పదహారేళ్లవాడు పెడతాడు. ఎందుకంటే వాడికి లెక్క చూపించరు.

మెట్లు ఇవి

నా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడి సంగతి చెప్తాను. పేరు వద్దు. సెకండియర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. సప్లిమెంటరీ దాకా ఖాళీ. సాయంత్రాలు ఒక టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. అక్కడ పరిచయమైన ఒక అన్న బైక్ ఇచ్చేవాడు, బిర్యానీ పెట్టించేవాడు, ఫోన్ రీచార్జ్ చేయించేవాడు. బదులుగా ఏమీ అడగలేదు. ఒక రోజు మాత్రం, ఒక చోటికి వెళ్లాలి, ఎవర్నీ కొట్టక్కర్లేదు, నలుగురు నిలబడితే చాలు అన్నాడు. వీడు వెళ్లాడు. అక్కడ గొడవ జరిగింది. కేసులో వీడి పేరు చివర్లో ఎక్కింది.

ఇంట్లో చెప్పడానికి భయం. లాయర్ని పెట్టింది అన్నే, జామీను ఇప్పించిందీ అన్నే. ఆ రోజు నుంచి వీడు అన్నకు బాకీ పడ్డాడు. రెండోసారి రమ్మంటే కాదనలేకపోయాడు. మూడేళ్ల తర్వాత ఒక కంపెనీలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. పోలీస్ వెరిఫికేషన్‌లో ఆగిపోయింది. ఇప్పుడు అద్దె ఆటో నడుపుతున్నాడు. వాయిదా ఉన్న రోజు ఆటో తీయడు, ఆ రోజు కిరాయి మాత్రం కట్టాలి.

ఈ కథలో మెట్లు లెక్కపెట్టండి. ఫెయిలవడం, ఖాళీ సాయంత్రాలు, ఉచితంగా బిర్యానీ, ‘నిలబడితే చాలు’, కేసు, జామీను బాకీ. వాడు కత్తి పట్టుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. ఏ మెట్టు దగ్గర చూసినా చిన్న విషయమే. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం జామీను మెట్టు. అంతకు ముందు వరకు వాడు వెనక్కి రాగలడు. బాకీ పడ్డాక రావడం కష్టం.

అందుకే మొదటి సలహా తల్లిదండ్రులకే. పిల్లవాడి మీద మొదటి కేసు పడిన రోజు ఇంట్లోంచి గెంటేయకండి. గెంటేస్తే తీసుకెళ్లడానికి గేటు బయట ఎవడో బైకు స్టార్ట్ చేసి ఉంచుతాడు. లాయర్ని మీరే పెట్టండి. డబ్బు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కు ఫోన్ చేయొచ్చు. ఈ ఒక్క పనితో అన్న చేతిలో ఉన్న పెద్ద ఆయుధం పోతుంది.

చట్టంలో ఏముంది?

చాలామందికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ని పోలీస్ లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. పేరు, ఫొటో బయటపెట్టకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసు వల్ల తర్వాతి జీవితంలో అనర్హత రాకూడదు. అయితే పదహారు దాటినవాడు హత్య లాంటి ఘోరమైన నేరంలో ఉంటే, బోర్డు పరిశీలించాక పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కోవాల్సి రావచ్చు. అప్పుడు ఈ రక్షణ ఉండకపోవచ్చు. ‘మైనర్‌వి, నీకేం కాదు’ అని అన్నలు చెప్పేది సగం అబద్ధం. పిల్లలకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి.

అసలు విషయం ఇంకోటి ఉంది. చట్టం అన్నల గురించి కూడా మాట్లాడింది. అదే చట్టం 83(2) సెక్షన్ ప్రకారం పిల్లల్ని విడిగా గానీ గ్యాంగుగా గానీ చట్టవిరుద్ధ పనులకు వాడుకున్న పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల రూపాయల జరిమానా ఉంది. మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 95వ సెక్షన్ ఉంది. నేరం చేయించడానికి పిల్లల్ని పెట్టుకుంటే కనీసం మూడేళ్లు, పదేళ్ల వరకు శిక్ష.

ఒక రిపోర్టర్‌గా నా ప్రశ్న ఒక్కటే. మైనర్ దొరికిన ప్రతి కేసులో వాణ్ని పంపించింది ఎవరని అడిగి ఈ సెక్షన్లు పెడుతున్నామా? ప్రెస్ మీట్లలో ముసుగులు వేసి కుర్రాళ్లను వరుసగా నిలబెడతారు. ఆ వరుసలో నలభై ఏళ్ల మనిషి ఎందుకు తక్కువగా కనపడతాడు? నగర పోలీస్ కమిషనరేట్ ఏడాది చివర ఇచ్చే నేరాల లెక్కల్లో ఈ సెక్షన్ల కింద ఎన్ని కేసులో ఒక గీత కలిపితే, అది మిగతా లెక్కలన్నిటి కన్నా విలువైనది అవుతుంది.

రౌడీషీట్ గురించి కూడా ఒక మాట. అది కోర్టు వేసిన శిక్ష కాదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల కింద స్టేషన్‌లో తెరిచే నిఘా ఫైలు. దాన్ని కొనసాగించాలా వద్దా అన్నది పైఅధికారి ఎప్పటికప్పుడు చూడాలన్న నిబంధన ఉంది. నిజంగా ప్రమాదకరమైన మనిషి మీద నిఘా ఉండాల్సిందే. కానీ పందొమ్మిదేళ్లవాడికి పడిన షీట్ ముప్పై దాటినా అలాగే ఉంటే వాడు మారడానికి కారణం ఏముంటుంది? మారినవాడికీ మారనివాడికీ ఒకే ముద్ర పెడితే మారనివాడికే లాభం. షీట్ పడిన రోజే, ఇన్నేళ్లు ఏ కేసూ లేకపోతే మూసేస్తామని రాతపూర్వకంగా చెప్పే పద్ధతి ఉండాలి.

భయపెడితే ఆగుతారా?

మన దగ్గర నివారణ అంటే కౌన్సెలింగ్. ఆదివారం స్టేషన్‌కు పిలిచి, వరుసగా కూర్చోబెట్టి హెచ్చరించడం. దీని గురించి ప్రపంచంలో చాలా పరీక్షలు జరిగాయి. అమెరికాలో 1970ల్లో ‘స్కేర్డ్ స్ట్రెయిట్’ అని ఒక కార్యక్రమం మొదలైంది. దారి తప్పుతున్న పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి అక్కడి ఖైదీలతో భయపెట్టించేవారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత పరిశోధకులు ఇలాంటి తొమ్మిది ప్రయోగాలను కలిపి చూస్తే, భయపెట్టిన పిల్లలే మిగతావాళ్ల కన్నా ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది. భయం వారం రోజుల్లో పోతుంది. అక్కడ పరిచయమైన మనుషులు మాత్రం మిగులుతారు.

బోస్టన్ నగరంలో 1996లో ఇంకో దారి పట్టారు. పోలీసులు, సామాజిక కార్యకర్తలు, బస్తీ చర్చిల పాస్టర్లు ఒకే గదిలో గ్యాంగుల కుర్రాళ్లతో కూర్చున్నారు. రెండు మాటలు చెప్పారు. ఒకటి, మీలో ఎవరు కాల్చినా మీ గుంపు మొత్తం మీద చట్టం పడుతుంది. రెండు, బయటికి రావాలనుకుంటే పని, చదువు, సాయం ఇదిగో. రెండో మాట మీద కూడా నిలబడ్డారు. ఆ తర్వాత యువకుల హత్యలు నెలవారీ సగటున 63 శాతం తగ్గాయని హార్వర్డ్ పరిశోధకులు లెక్క కట్టారు.

షికాగోలో 2012 వేసవిలో చేసింది ఇంకా సులువైనది. నేరాలు ఎక్కువున్న 13 స్కూళ్ల నుంచి 1,634 మంది పిల్లలను తీసుకుని, లాటరీ వేసి కొందరికి ఎనిమిది వారాల పార్ట్ టైమ్ పని ఇచ్చారు. వారానికి 25 గంటలు. పక్కన ఒక పెద్ద మనిషి తోడు. పని దొరికినవాళ్లలో హింసాత్మక నేరాల అరెస్టులు తర్వాత పదహారు నెలల్లో 43 శాతం తక్కువ ఉన్నాయి. పని అయిపోయాక కూడా ఫలితం నిలబడింది.

మన దగ్గరా కొన్ని ప్రయత్నాలు ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు ‘చబుత్రా’ పేరుతో అర్ధరాత్రి రోడ్ల మీద ఉన్న కుర్రాళ్లను తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి అప్పగించారు. తల్లిదండ్రులను కలపడం మంచిదే. కానీ మర్నాటి సాయంత్రం వాడు ఎక్కడికి వెళ్లాలో చెప్పకపోతే మళ్లీ అదే చబుత్రా మీద కూర్చుంటాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో మాదకద్రవ్యాల మీద ‘ఈగల్’ విభాగం పెట్టింది, 1972 నంబరు ఇచ్చింది. సమాచారం ఇవ్వడానికి అది ఉంది. అలవాటు పడినవాడికి వైద్యం కావాలంటే 14446 ఉంది. గంజాయి అలవాటైన పిల్లవాడు ముందు పేషెంటు అని మన ఇళ్లలో ఇంకా ఒప్పుకోవడం లేదు.

గవర్నర్‌పేట చేయగలిగింది

ఒక చిన్న లెక్క వేద్దాం. 16 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న, చదువు ఆగిన 100 మంది పిల్లలు. ఎనిమిది వారాలు, వారానికి 25 గంటలు, అంటే ఒక్కొక్కరికి 200 గంటలు. గంటకు 60 రూపాయలు ఇస్తే ఒక్కొక్కరికి 12,000. మొత్తం 12 లక్షలు. ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు దుకాణాలకు పండగ సీజన్‌లో డెకరేషన్‌కు, డిస్కౌంట్ బోర్డులకు అయ్యే ఖర్చు ముందు ఇది ఎంత? యాభై దుకాణాలు ఇద్దరేసి పిల్లలను తీసుకుంటే చాలు. ఒక్కో దుకాణానికి 24,000. బిల్లింగ్, స్టాకు రాయడం, కస్టమర్‌తో మాట్లాడటం నేర్పితే అది జీవితాంతం పనికొస్తుంది. అధికారికంగా అప్రెంటిస్‌గా పెట్టుకుంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల వరకు కేంద్రం ఇస్తుంది. ఇంటర్ పోయినవాడికి ఓపెన్ స్కూల్ ఉంది, ఐటీఐ ఉంది. దారులు లేక కాదు. ఆ దారి దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే మనిషి లేక.

సాయంత్రం ఆరు నుంచి పది వరకే అసలు ప్రమాదం. ఆ నాలుగు గంటలు తెరిచి ఉండే గ్రౌండ్, లైబ్రరీ, ట్యూషన్ గది ప్రతి బస్తీకీ ఒకటి కావాలి. కమ్యూనిటీ హాళ్లు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళాలేసి ఉంటాయి. వాటి తాళాలు కార్పొరేషన్ దగ్గరే ఉన్నాయి.

మన బస్తీల గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. పంజా సెంటర్ నుంచి సింగ్‌నగర్ దాకా మన ఇళ్లలో రెండు మాటలు వినపడతాయి. ఒకటి, మనవాళ్ల పేర్లు పేపర్లో వస్తే కౌమ్ పరువు పోతుంది, కప్పేయండి అని. రెండు, మా వాడు అలాంటివాడు కాదు, ఫ్రెండ్సే పాడుచేశారు అని. ప్రతి ఫ్రెండ్ ఇంట్లోనూ ఇదే మాట అంటున్నారు. కప్పిపెడితే లాభపడేది ఆ అన్నే. జుమా రోజు మస్జిద్‌లో ఇన్ని వందల మంది కలుస్తాం. మొహల్లాలో చదువు ఆపేసిన పిల్లలు ఎందరో ఒక కాగితం మీద రాసుకోవడానికి కమిటీకి ఒక్క గంట చాలు. ఇమామ్ సాబ్, స్కూల్ టీచర్, ఒక లాయర్, ఇద్దరు వ్యాపారులు, ఐదుగురు కూర్చుంటే బోస్టన్ పాస్టర్లు చేసిన పని ఇక్కడ చేయొచ్చు. గుడి కమిటీ అయినా, చర్చి అయినా ఇదే చేయొచ్చు. అందరూ కలిసి చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే బ్యాచ్‌లో అన్ని ఇళ్ల పిల్లలూ ఉన్నారు.

నా క్లాస్‌మేట్‌ను ఈ మధ్య గవర్నర్‌పేటలో కలిశాను. ఆటో పక్కకు ఆపి టీ తాగాం. వాళ్ల తమ్ముడు ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. తమ్ముడు సాయంత్రం ఎక్కడున్నాడో రోజూ రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కుంటాడట. తనకు అప్పట్లో ఎవరూ ఫోన్ చేయలేదని అన్నాడు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సప్లిమెంటరీ కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడు ఒకడుంటాడు. ఈ రోజు మగ్రిబ్ తర్వాత వాడు ఎక్కడున్నాడో కనుక్కోండి. మీరు అడగకపోతే అడిగేవాడు ఇంకొకడు ఉన్నాడు. వాడి దగ్గర బైకుంది, బిర్యానీ ఉంది, టైమ్ కూడా ఉంది.